జీడి మరక కింది మచ్చ

నా కుడి మడమ కింద ఇప్పుడొక అతుకు ఉంది. తొడ మీది తోలు తీసి అక్కడ వేశారు. రంగు కలవలేదు. లేతరంగు గుడ్డకు ముదురురంగు మాసిక వేసినట్టు తెలిసిపోతుంది. చెప్పు వేసుకుంటే ఎవరికీ కనపడదు. నడకలో కొంచెం తేడా వచ్చింది, అది కూడా నన్ను ముందు నుంచి ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. ఇప్పటికైతే ఇంతకు మించిన నష్టం లేదు. అందుకే కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను.

నాకు వచ్చింది చర్మ క్యాన్సర్. ఆ మాట చెప్తే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. "అది తెల్లోళ్లకు గదా వచ్చేది" అంటారు. నేనూ అలాగే అనుకున్నదాన్నే.

నా పేరు సైదమ్మ. సూర్యాపేటలో బస్సు కండక్టర్‌ని. మాది ఆత్మకూర్ (ఎస్), గొర్లు కాసే కుటుంబం. మా ఆయన లింగయ్యకు ఇప్పటికీ మంద ఉంది. కొడుకు వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. కండక్టర్ ఉద్యోగమంటే నోటితోనూ కాళ్లతోనూ చేసేది. నోటి సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. కాళ్ల సంగతి నాకే తెలియకపోయింది.

కిందటేడు మాఘంలో, జాతరకు నెత్తిన నైవేద్యం గంప ఎత్తుకుని చెప్పుల్లేకుండా నడిచాను. తిరిగొచ్చాక కాళ్లు కడుక్కుంటుంటే మడమ కింద కందిగింజంత నల్లటి చుక్క కనపడింది. ముల్లు విరిగిందనుకున్నాను. పిన్నీసుతో గెలికితే ముల్లూ రాలేదు, నొప్పీ లేదు. నొప్పి లేనిదాని గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? మర్నాడు తెల్లవారకముందే డ్యూటీ. ఆడవాళ్లకు టికెట్ లేకుండా ప్రయాణం వచ్చినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటుండదు. నిలబడే చోటు దొరికితే చాలనుకునే ఉద్యోగంలో, ఆ నిలబడే కాలు ఎలా ఉందో ఎవరు చూసుకుంటారు.

వానాకాలం వచ్చేసరికి ఆ చుక్క చింతగింజంత అయింది. ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క నీళ్లలో సిరా ఒలికినట్టు వంకరగా ఉండేది. స్నానం చేసి వస్తుంటే గచ్చు మీద తడి అడుగు పడిన చోట కాస్త ఎరుపు కనిపించింది. అది చూసి అత్తమ్మకు చెప్పాను.

మా అత్తమ్మ పేరు లచ్చమ్మ. ఊరివాళ్లు జీడి లచ్చమ్మ అంటారు. అరికాల్లో ఆనె కాస్తే, అంటే తోలు గట్టిపడి గింజలా ఒత్తుకుంటే, ఆమె దగ్గరికి వస్తారు. నల్లజీడి గింజను (తినే జీడిపప్పు కాదు) సూదికి గుచ్చి దీపం మీద కాలుస్తుంది. అది చిటపటమని నూనె కక్కుతుంది. ఆ నూనెను వేడివేడిగా ఆనె మీద అద్ది, పైన సున్నం రాస్తుంది. చురుక్కుమంటుంది, కొన్నాళ్లు నల్లటి మరక ఉంటుంది, తర్వాత తోలు పొట్టులా లేచి ఆనె ఊడుతుంది. చాలామందికి ఊడింది కూడా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, మా ఇంట్లో పెరటి చెట్టుకే గిరాకీ ఎక్కువ.

అత్తమ్మ నా మడమను బొటనవేలితో ఒత్తి చూసింది. "నొస్తుందా?"

"లేదు."

మళ్లీ ఒత్తింది. పక్కనున్న జీడిగింజల డబ్బా వైపు చూసింది. తర్వాత, "ఆనెనే. జీడి పెడ్త, ఊడిపోతది" అంది.

పెట్టింది. ఊడలేదు. దసరాలోపు ఇంకో రెండుసార్లు పెట్టింది. ఇక ఆ తర్వాత మడమ నల్లగా ఎందుకుందని ఎవరూ అడగనక్కర్లేదు, నన్ను నేనూ అడుక్కోనక్కర్లేదు. జీడి పెడితే నల్లబడుతుంది, అది మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మచ్చ పెరిగినా జీడే, అంచు వంకర పోయినా జీడే, ఒకరోజు మేజోడుకు రక్తం అంటుకున్నా జీడి పుండే. నా జబ్బుకు మా ఇంట్లోనే ముసుగు వేశాం.

మా ఆయన రోజూ మంద ఇంటికి చేరాక కుంటే గొర్రెనల్లా పట్టుకుని కాలు పైకెత్తి గిట్టల మధ్య వేలు పెట్టి చూస్తాడు. ఆ మనిషి పాతికేళ్లలో నా అరికాలు ఎన్నడూ చూసి ఉండడు. ఆయన తప్పు కాదు. మనం మనుషుల వైపు కాళ్లు చాపం. పెద్దల ముందు చాపితే మా అమ్మ మోకాలి మీద ఒక్కటిచ్చేది. పెద్దల పాదాలకు దండం పెడతాం గానీ, తిరగేసి చూడం కదా. ఇంట్లో ఎవరి అరికాలు ఎలా ఉంటుందో ఇంకొకరికి తెలియదు.

కార్తీకంలో మా అక్క పార్వతి కోదాడ నుంచి ఫోన్ చేసింది. పెళ్లయి అక్కడికి వెళ్లి చాలా ఏళ్లయింది, మాటంతా ఆ పక్క యాసకు మారిపోయింది. షుగర్ ఉంది. కాళ్లు చూపించుకు రమ్మని డాక్టర్ చెప్పాడట, ఒక్కదాన్నే వెళ్లలేనంది. సెలవు పెట్టి వెళ్లాను.

కోదాడ ఆసుపత్రిలో డాక్టర్ పెద్దాయన, తల పూర్తిగా నెరిసింది. స్టూలు మీద కాలు పెట్టమన్నాడు. అక్క చీర కుచ్చిళ్లు లాక్కుని ముడుచుకుపోయింది.

"అంత పెద్దాయన మొహం ముందు కాలెట్టా పెడతానే? తప్పు కాదూ" అని నా చెవిలో గొణిగింది.

"తప్పేందే, సూసుడే ఆయన పని. ఇగో, నాది సూడు" అని, ఆమెకు సిగ్గు పోగొట్టడానికి, చెప్పు విడిచి నా కుడికాలే స్టూలు మీద పెట్టాను. "సార్, ముందుగాల నాది సూడుండ్రి, మా అక్కకు ధైర్యం వస్తది."

ఆయన నవ్వుతూ వంగాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. లైటు దగ్గరికి లాక్కుని చూశాడు. దూదితో తుడిచాడు.

"ఇదేంటమ్మా?"

"ఆనె సార్. జీడి పెట్టినం."

"జీడి మరకైతే పైతోలుతో పాటు పోవాలి. ఇక్కడ పొట్టు లేచిపోయింది, కింద కూడా నల్లగానే ఉంది చూడు. ఎన్నాళ్ల నుంచి?"

జాతర నాటి నుంచి అన్నాను. పెరిగిందా అని అడిగితే పెరిగిందన్నాను. రక్తం వచ్చిందా అంటే వచ్చిందన్నాను. ఒక్కో జవాబు చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మిర్యాలగూడలో తనకు నమ్మకమైన చర్మం డాక్టరమ్మ ఉందని, ఈ వారంలోనే చూపించమని చెప్పాడు. భయపెట్టలేదు, అలాగని ఏమీ కాదని కూడా అనలేదు. అక్క కాళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆమె బస్టాండు దాకా నా చెయ్యి వదల్లేదు. "నా కాళ్ల కోసం వచ్చి నువ్వు చిక్కుకున్నావేంటే" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

మిర్యాలగూడ నాకు కొత్త కాదు. వారానికి మూడుసార్లు నేరేడుచర్ల మీదుగా బస్సులో వెళ్లే ఊరే. బియ్యం మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగిలితే టికెట్ సంచి సర్దుకుంటాను, స్టాండు వచ్చినట్టు. ఆ రోజు మాత్రం ప్రయాణికురాలిగా దిగాను. డాక్టరమ్మ గది ముందు బెంచీల నిండా జనం. మొటిమల పిల్లలు, తామర అంటుకున్న ఇంటిల్లిపాది, ఊక దుమ్ముకు చేతులు పగిలిన మిల్లు కూలీలు. అందరూ గోక్కుంటున్నారు. నాకు దురద కూడా లేదు. తప్పు చోటికి వచ్చానేమో, ఇదంతా ఉత్తిదేనేమో అని ఆశపడ్డాను. పక్కన కూర్చున్న మిల్లు కూలీ ఆమె, "నీకేమైంది చెల్లె?" అని అడిగింది. మడమ మీద మచ్చ అన్నాను. ఆమె నంబర్ నాకంటే ముందుంది. పిలిచినప్పుడు నన్ను లేపి, "నువ్వు పో, నాకు రోజూ ఉండేదే" అంది. నా మొహంలో ఏం కనపడిందో ఆమెకు.

డాక్టరమ్మ చిన్న అద్దం లాంటిది ఆనించి చాలాసేపు చూసింది. మన రంగువాళ్లకు ఈ జబ్బు తక్కువేనని, వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా ఎండ తగలని చోట, అరికాల్లోనో అరచేతిలోనో గోరు కిందో వస్తుందని చెప్పింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది. ఇంట్లో చెప్పి వస్తానన్నాను.

చెప్పడమే తప్పయింది. "కత్తి తగిల్తే పాకుతది" అన్నాడు మా ఆయన. ఆయన మేనమామకు నోటిలో పుండు వస్తే ముక్క తీశారట, ఆర్నెల్లు బతకలేదట. ముక్క తీయడం వల్ల పోలేదు, ఆలస్యంగా వెళ్లడం వల్ల పోయాడని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఏమని వాదించను? అత్తమ్మ మూలన కూర్చుని, "వద్దు బిడ్డా, కదిలియ్యకు" అని ఒకటే మాట. చుట్టాలు ఫోన్లు చేశారు. ఒకరు ఆకు పసరు చెప్పారు, ఇంకొకరు మొక్కు చెప్పారు. అలా వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఆ రోజుల్లో బస్సులో నేను చిల్లర కోసం ఊరికే ప్రయాణికుల మీద పడి అరిచేదాన్ని.

చివరికి ఒక సాయంత్రం ఆయన గొర్రె కాలు పట్టుకుని ఉండగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"గా గొర్రెకు కాల్ల నల్ల పుండై రక్తం కారుతుంటే, ఆగుతవా?"

ఆయన తలెత్తలేదు. "గొర్రె వేరు, నువ్వు వేరు."

"అవును. గొర్రెనైతే ఈపాటికి డాక్టర్‌కు సూపెడుదువు."

గొర్రె కాలు వదిలేశాడు. తెల్లవారి నేను లేచేసరికి బండి తుడిచి గేటు ముందు పెట్టి ఉంది.  మిర్యాలగూడలో ముక్క తీస్తుంటే తలుపు బయట నిలబడి, నర్సు వద్దన్నా లోపలికి తొంగి చూశాడు.

రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. లోతు ఎక్కువ లేదు, త్వరగా తీయించుకోవాలి, హైదరాబాద్ వెళ్లండి అని డాక్టరమ్మ చెప్పింది. నేను కాలు తీసేస్తారా అని ఒకటే అడిగాను. కాలు కాదు, మచ్చ చుట్టూ తోలు తీస్తారంది. తొడ మొదట్లో గజ్జల్లో అందరికీ ఉండే చిన్న గడ్డను కూడా పరీక్షిస్తారని, అక్కడికి పాకకపోతే అదృష్టమని చెప్పింది. పాకితే ఏమిటని నేను అడగలేదు.

ఆ రోజు ఇంట్లో గోల అయింది. మా ఆయన తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నీ జీడి వల్లనే ఇదంత. మూడుసార్లు కాలవెడ్తివి."  అత్తమ్మ జీడిగింజల డబ్బా తీసుకెళ్లి ఎక్కడ పెట్టిందో తెలియదు. అన్నం కంచం తెచ్చి పెడితే అలాగే ఉంచింది. నేను డాక్టరమ్మ అన్నమాటే చెప్పాను: జీడి వల్ల వచ్చిందని చెప్పలేం, కానీ జీడి దాన్ని కప్పిపెట్టింది. ఆ రెండో ముక్క విన్నాక ఆమె ఇంకా ముడుచుకుపోయింది. నాకు జాలి కలగలేదు. నా భయమే నాకు చాలినంత ఉంది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కత్తి నొప్పి కన్నా గడ్డ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులే నన్ను ఎక్కువ తిన్నాయి. పక్కనున్న మగవాళ్ల వార్డులో తిరుమలగిరి ఆమె ఉండేది, భర్తకు తోడుగా వచ్చింది. నేను లేవలేని రోజుల్లో నా తల దువ్వి జడ వేసేది. "ఊరోళ్లం గాదా" అనేది. ఇద్దరి ఊళ్లకూ మధ్య బోలెడు దూరం. ఆ ఆసుపత్రిలో మాత్రం అది పక్కిల్లే. రిపోర్టు మంచిదే వచ్చిందని మా ఆయన కాగితం పట్టుకుని వచ్చినప్పుడు, ఆమె నాకంటే ముందు ఏడ్చింది. ఆమె భర్తకు మాత్రం మంచి రిపోర్టు రాలేదని నాకు తర్వాత తెలిసింది.

చలికాలమంతా మంచం మీదే గడిచింది. నడక వచ్చాక డిపోలో కనికరించి బస్టాండులో మైకు దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు నేను ఎక్కని బస్సులన్నిటినీ నేనే పిలుస్తున్నాను.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ ఇంటికి పంపించేటప్పుడు ఒక పని అప్పగించాడు. నెలకోసారి ఒళ్లంతా చూసుకోవాలి, బతికినన్నాళ్లూ. ఆయన చెప్పింది, నేను చేసేది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. స్నానం చేశాక, పగటి వెలుతురులో కూర్చుంటాను. పాదాలకు పసుపు ఉంటే రుద్ది కడుగుతాను. గోళ్లకు మైదాకు పెట్టాలనుకుంటే చూసుకున్నాకే పెడతాను, ఎర్రగా పండిన గోరు కింద నల్లగీత కనపడదు. ముఖం, మెడ, చేతులు, అరచేతులు, గోళ్లు, వేళ్ల సందులు, అరికాళ్లు. కొత్తగా వచ్చిన మచ్చ, పెరిగేది, అంచులు వంకరగా ఉండేది, ఒకే మచ్చలో రెండు మూడు రంగులుండేది, గోరు మీద వెడల్పయ్యే నల్లగీత, నెల దాటినా మానని పుండు, ఊరికే రక్తం వచ్చేది. వీటిలో ఏది కనపడినా నొప్పి కోసం ఎదురుచూడొద్దు. నల్ల మచ్చలన్నీ క్యాన్సర్ కాదు, ఎక్కువ ఏమీ కాదు. అది ఏమీ కాదని చెప్పాల్సింది మాత్రం డాక్టరే. వీపు, తల, అరికాలు మనకు మనం సరిగ్గా చూసుకోలేం. ఇంకో మనిషి కావాలి.

ఆ ఇంకో మనిషి దగ్గరే చిక్కొచ్చింది. ఎండలు ముదిరాక మా ఆయన మందను తోలుకుని హాలియా వైపు వెళ్లాడు, వరి కోసిన మళ్లల్లో మేతకు. ఇంట్లో మిగిలింది అత్తమ్మ. ఆమెకు కంట్లో పొర తీయించుకున్నాక చూపు నాకంటే బాగుంది. కానీ కోడలు అత్త ఒళ్లో కాలు పెట్టడమా? అప్పట్లో జీడి పెట్టేటప్పుడు ఆమే నేల మీద కూర్చుని పట్టుకుంది, అది వైద్యం. ఇది వేరు. నేను వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. ఆమే పీట వేసుకుని కూర్చుని, ఒళ్లో తువ్వాల పరుచుకుంది.

"ఇటు పెట్టు."

పెట్టాను. ముందు తల చూస్తానని నన్ను అటు తిప్పి, పాయలు తీసి, పేలు చూసినట్టు చూసింది. వీపు చూసింది. తర్వాత కుడికాలు ఒళ్లోకి తీసుకుని అతుకు చుట్టూ వేలితో తడిమింది. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మొదటిసారి ఒత్తి సూసిన్నాడే నాకు అనుమానమొచ్చిందే. ఆనె అయితే ఒత్తితే పానం పోయినట్టు ఐతది. నువ్వు నొస్తలేదన్నవ్."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె. ఊరంత జీడి లచ్చమ్మ అంటరు. నాకు తెల్వదు అని చెప్పనీకి నోరు రాలే."

కాలు లాగేసుకున్నాను.  నాలుగైదు నెలలు అది నా కాలిలో పెరిగింది, ఒక్క మాట రాక. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య తిన్నవా, పాలోడొచ్చిండా అన్న మాటలే నడిచాయి. ఆమెను క్షమించానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది, కానీ క్షమించలేదు. ఆ రోజుల్లోనే పక్క వీధి ఆయన ఆనె చూపించుకోవడానికి వస్తే, గడప దిగకుండానే, "బంద్ జేసిన, దవాఖానకు పో" అని పంపించడం విన్నాను. విననట్టే ఉన్నాను.

నెల తిరిగింది. కోపం ఉంటే ఉంది, కాలు చూసుకోవాల్సిన రోజు వచ్చింది. పీట నేనే వేశాను. ఆమె తువ్వాల తెచ్చుకుని వచ్చింది. తల, వీపు, కుడికాలు, అన్నీ చూసింది. ఎడమకాలు ఒళ్లోకి తీసుకుని వేళ్లు విడదీస్తూ, చిటికెనవేలి సందులో ఒక నల్లచుక్క దగ్గర ఆగింది. వెలుతురుకు తిప్పి చూసింది. బొటనవేలితో ఒత్తింది.

"నొస్తుందా?"

"లేదు."

 ఆమె ఏం పేరు పెడుతుందోనని ఎదురుచూశాను. ముల్లంటుందో, మురికంటుందో, ఏమీ లేదంటుందో. ఆమె నా కాలు వదలకుండా తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఇది నాకు తెల్వదు, సైదమ్మా" అంది. "పొద్దుగాల బస్సుకు మిర్యాలగూడ పోదాం. నేనొస్త."

వెళ్లాం. అది పుట్టుమచ్చేనని, చిన్నప్పటి నుంచి ఉండి ఉంటుందని డాక్టరమ్మ అద్దం ఆనించి చూసి చెప్పింది. వచ్చే నెల కూడా అత్తమ్మే చూస్తుంది.